ధ్రువసముద్ర ప్రసరణ – శీతోష్ణస్థితి నమూనాల విశ్వసనీయత: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత దృష్టితో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

భూగోళ శీతోష్ణస్థితిని గణిత సమీకరణాల ద్వారా లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు ధ్రువప్రాంతాల సముద్రప్రసరణను ఎంతవరకు యథార్థంగా చూపుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రవాహాల మొత్తం పరిమాణాన్ని నమూనాలు చాలావరకు సరిగానే అంచనా వేస్తున్నా, ఆ ప్రవాహాలను పుట్టించే ప్రక్రియలను చాలా సందర్భాలలో వాస్తవానికి భిన్నంగా చూపుతున్నాయని పూర్వపరిశోధనల ఆధారంగా నిరూపిస్తుంది. ఇదే ప్రమాణాన్ని రాయలసీమలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత వర్షపాత అంచనాలకు అన్వయించి, స్థానిక పరిశోధనలలో నమూనాల ఫలితాలను వాడుకోవడంలో పాటించవలసిన జాగ్రత్తలను సూచిస్తుంది.

కీలక పదాలు: శీతోష్ణస్థితి నమూనాలు, దక్షిణ మహాసముద్రం, ఆర్కిటిక్, అడుగునీరు, సముద్ర సుడులు, రుతుపవనాలు, రాయలసీమ, వర్షచ్ఛాయా ప్రాంతం.

1. ఉపోద్ఘాతం

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు దాదాపు ఒకే వరుసలో, దక్షిణం నుంచి ఉత్తరానికి ఉన్నాయి. మొదటి పట్టణానికీ చివరి పట్టణానికీ మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 70 కిలోమీటర్లు. ఈ కొద్ది దూరంలోనే పెన్నా నది కర్ణాటక నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశించే మైదానం, పెనుకొండ గుట్టలు, ధర్మవరం చెరువును నింపే చిత్రావతి లోయ ఉన్నాయి. ఒక ఊరిలో విత్తడానికి పదునయ్యేంత వాన కురిసి, పక్క ఊరిలో నేల తడవకపోవడం ఇక్కడి రైతులకు కొత్త కాదు.

భవిష్యత్ శీతోష్ణస్థితిని అంచనా వేసే ప్రపంచస్థాయి నమూనాలలో ఈ మూడు పట్టణాలూ ఒకటి రెండు గడులలో ఇమిడిపోతాయి. గుట్ట, లోయ, మైదానం అన్నీ కలిసి ఒక సగటు విలువగా మారిపోతాయి. ఇక్కడికి వేల కిలోమీటర్ల దూరంలోని ధ్రువసముద్రాలలో నమూనాలు ఎదుర్కొంటున్న సమస్య స్వభావం కూడా ఇదే. అక్కడ కూడా నిర్ణాయకమైన సంఘటనలు గడి లోపలే జరుగుతాయి. ఈ పోలికతో పాటు భౌతికమైన సంబంధం కూడా ఉంది. ధ్రువసముద్రాలలో మునిగే నీరు భూమిపై ఉష్ణ పంపిణీని ప్రభావితం చేస్తుంది. ఆ పంపిణీ రుతుపవనాలను ప్రభావితం చేస్తుంది. అందువల్ల ధ్రువసముద్రాల విషయంలో నమూనాలకు జరిగిన పరీక్షను అర్థం చేసుకోవడం, వర్షాధార ప్రాంతాలపై పనిచేసే పరిశోధకులకు కూడా అవసరమవుతుంది.

2. నమూనా నిర్మాణం – గడి పరిమాణం

శీతోష్ణస్థితి నమూనా వాతావరణాన్నీ సముద్రాన్నీ గడులుగా విభజించి, ప్రతి గడిలో ఉష్ణోగ్రత, లవణీయత, వేగం వంటి రాశులను చలన నియమాల ప్రకారం లెక్కిస్తుంది. వివిధ దేశాల సంస్థలు రూపొందించిన నమూనాలను ఒకే ప్రమాణాలతో పోల్చే అంతర్జాతీయ ప్రణాళిక ‘సిమిప్’. దాని ఆరవ దశ ఫలితాలు 2021లో వెలువడిన ఐ.పి.సి.సి. ఆరవ మదింపు నివేదికకు ఆధారాలయ్యాయి. ఈ దశలో పాల్గొన్న నమూనాలలో అధికభాగం సముద్రాన్ని సుమారు ఒక డిగ్రీ గడులుగా విభజించాయి. పుణెలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన భూవ్యవస్థా నమూనా కూడా ఇందులో పాల్గొంది. దాని సముద్రభాగం గడి దాదాపు ఒక డిగ్రీ, వాతావరణభాగం గడి సుమారు 200 కిలోమీటర్లు.

గడి కన్నా చిన్నవైన ప్రక్రియలను నమూనా నేరుగా లెక్కించలేదు. వాటి ప్రభావాన్ని గడి సగటు విలువల ఆధారంగా ఉజ్జాయింపు సూత్రాలతో చేరుస్తారు. ఈ పద్ధతిని పరామితీకరణం అంటారు. సముద్రంలో ఉష్ణాన్నీ లవణాన్నీ మోసుకుపోయే సుడుల పరిమాణం అక్షాంశాన్ని బట్టి మారుతుంది. ఆ పరిమాణానికి కొలమానమైన రాస్బీ వ్యాసార్ధం మధ్య అక్షాంశాలలో కొన్ని పదుల కిలోమీటర్లుంటే, ధ్రువప్రాంతాలలో పది కిలోమీటర్లకు, అంటార్కిటికా ఖండతీరపు అంచు మీద అయిదు కిలోమీటర్లకు లోపుగా తగ్గిపోతుంది. ఒక సుడిని నమూనా గుర్తించాలంటే ఆ వ్యాసార్ధంలో కనీసం రెండు గడులైనా ఉండాలని హాల్‌బర్గ్ 2013లో వివరించారు. ఈ లెక్కన ఉష్ణమండలంలో కొంతవరకు సరిపోయే గడి ధ్రువసముద్రానికి ఎంతమాత్రం సరిపోదు. నమూనా పటం మీద ధ్రువసముద్రం కనిపిస్తుంది గాని, దానిని నడిపించే సుడులు కనిపించవు.

3. దక్షిణ మహాసముద్రం

3.1 అంటార్కిటిక్ పరిధ్రువ ప్రవాహం

అంటార్కిటికా చుట్టూ పడమర నుంచి తూర్పుకు, అడ్డుగా ఏ భూభాగమూ లేకుండా తిరిగే ఈ ప్రవాహం ప్రపంచ సముద్రప్రవాహాలన్నింటిలో పెద్దది. దీనిని స్వెర్‌డ్రప్ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక స్వెర్‌డ్రప్ అంటే సెకనుకు 10 లక్షల ఘనపు మీటర్ల నీరు. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్యనున్న డ్రేక్ జలసంధి వద్ద ఈ ప్రవాహం సుమారు 137 స్వెర్‌డ్రప్‌లన్న అంచనా చాలాకాలం ప్రమాణంగా నిలిచింది. 2007–2011 మధ్య సముద్రపు అడుగున అమర్చిన పరికరాల కొలతలతో డోనహ్యూ తదితరులు 2016లో దానిని 173 స్వెర్‌డ్రప్‌లుగా సవరించారు. అంతకుముందే, 2012లో, మైయర్స్ తదితరులు సిమిప్ అయిదవ దశ నమూనాలను పరిశీలించగా వాటి సగటు 155గానూ, నమూనాల మధ్య వ్యత్యాసం 51గానూ తేలింది.

నమూనాల సగటు పాత కొలతకూ కొత్త కొలతకూ మధ్యన పడటం చూసి అవి సరైనవేనని నిర్ధారించడం తొందరపాటవుతుంది. ఒకదానికొకటి ఎంతో భిన్నమైన ఫలితాల ఎచ్చుతగ్గులు పరస్పరం రద్దు కావడం వల్ల ఏర్పడిన సగటు అది. పైగా గాలుల వేగం పెరిగినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న దగ్గర తేడా బయటపడుతుంది. పెద్ద గడుల నమూనాలలో గాలితో పాటు ప్రవాహం కూడా గణనీయంగా పెరిగే ధోరణి ఉంటుంది. సుడులను నేరుగా లెక్కించే సూక్ష్మ నమూనాలలో గాలి అందించిన అదనపు శక్తిలో అధికభాగం సుడులకు చేరుతుంది, ప్రవాహం మొత్తం అంతగా మారదు. నేటి ప్రవాహాన్ని ఒకే విధంగా చూపే రెండు నమూనాలు రేపటి ప్రవాహాన్ని భిన్నంగా చూపడానికి కారణం ఇదే.

3.2 అడుగునీటి నిర్మాణం

సగటుకూ ప్రక్రియకూ ఉన్న అంతరం అత్యంత స్పష్టంగా కనిపించే విషయం అంటార్కిటిక్ అడుగునీరు. తీరం నుంచి వీచే అతిశీతల గాలులు సముద్రపు మంచును పక్కకు నెట్టినప్పుడు ఏర్పడే మంచులేని నీటి ప్రదేశాలను పోలిన్యాలు అంటారు. అక్కడ నీరు నిరంతరంగా గడ్డకడుతూ లవణాన్ని విడిచిపెడుతుంది. ఆ లవణం చేరిన శీతల జలం బరువెక్కి, ఖండతీరపు అంచు మీద నిండి, వాలు వెంట సన్నని పొరగా జారి మహాసముద్రపు అడుగుకు చేరుతుంది. వెడెల్ సముద్రం, రాస్ సముద్రం, అడెలీ తీరం, డార్న్‌లీ అగ్రం దీనికి ముఖ్యమైన స్థానాలు.

హ్యూజే తదితరులు 2013లో సిమిప్ అయిదవ దశకు చెందిన 15 నమూనాలను ఈ కోణంలో పరిశీలించారు. సగం నమూనాలలో అడుగునీటి ఉష్ణోగ్రత, సాంద్రతలు ఒక మేరకు వాస్తవానికి దగ్గరగానే ఉన్నాయి. పది నమూనాలు తీరపు అంచు మీద బరువైన నీటిని తయారుచేశాయి కూడా. కాని ఆ నీరు వాలు దిగేలోపే తేలిక నీటితో కలిసిపోయి అడుగుకు చేరలేదు. దానికి బదులుగా అధికశాతం నమూనాలలో నడిసముద్రంలో ఉపరితలం నుంచి అడుగుదాకా నీరు నిలువుగా కలిసిపోయే గాఢ సంవహనం ద్వారా అడుగునీరు తయారైంది. వాస్తవంలో ఇది అరుదైన ఘటన. 1974–76 చలికాలాలలో వెడెల్ సముద్రంలో ఏర్పడిన, సుమారు 2.5 లక్షల చదరపు కిలోమీటర్ల పోలిన్యా దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. 2016, 2017లలో మాడ్ రైజ్ వద్ద మళ్ళీ ఏర్పడిన పోలిన్యా అంతకన్నా చాలా చిన్నది.

ఈ పరిశోధనలోని ముఖ్యమైన అంశం మరొకటుంది. అడుగునీటి లక్షణాలను ఉత్తమంగా చూపిన నమూనాలు వెడెల్, రాస్ సుడివలయాలలో నడిసముద్ర సంవహనం జరిగే నమూనాలే. అంటే ప్రక్రియ తప్పయినచోటే ఫలితం బాగా కుదిరింది. లక్షణాలను మాత్రమే కొలిచే పరీక్షలో ఈ నమూనాలకు మంచి స్థానం దక్కుతుంది, యంత్రాంగాన్ని అడిగితే దక్కదు.

దీని పర్యవసానం భవిష్యత్ అంచనాలలో కనిపిస్తుంది. ఉపరితల జలం తేలికపడినకొద్దీ నడిసముద్ర సంవహనం నమూనాలలో బలహీనపడి ఆగిపోతుందని ద లావెర్న్ తదితరులు 2014లో చూపారు. తీరపు అంచు మీద నీరు బరువెక్కే ప్రక్రియ ఆ మార్పుకు అదే విధంగా స్పందించాలన్న నియమమేదీ లేదు. ఆరవ దశలో కొన్ని నమూనాలు మెరుగుపడినా, అవాస్తవ సంవహనం ఇంకా తొలగిపోలేదు.

3.3 సముద్రపు మంచు, కరుగునీరు

ఉపగ్రహ కొలతలు మొదలైన 1970ల చివరి నుంచి 2014 దాకా అంటార్కిటిక్ సముద్రపు మంచు స్వల్పంగా పెరిగింది. అదే కాలానికి బహుళ నమూనాల సగటు తగ్గుదలను చూపింది. 2016లో మంచు హఠాత్తుగా తగ్గి, 2023 ఫిబ్రవరిలో సుమారు 17.9 లక్షల చదరపు కిలోమీటర్ల కనిష్ఠానికి చేరింది. ఈ దిశమార్పును చూసి నమూనాలు చివరకు నిజమయ్యాయని భావించడం కూడా సరికాదు. పెరుగుదలను వివరించలేని యంత్రాంగం తగ్గుదలను సరైన కారణంతో వివరిస్తున్నదని చెప్పలేము.

సిమిప్ ఆరవ దశలోని నమూనాలలో అధికభాగం మంచుఫలకాన్ని స్థిరమైన నేలగానే పరిగణించాయి. అందువల్ల అంటార్కిటికా అదనంగా విడుదల చేస్తున్న కరుగునీరు వాటి లెక్కలో చేరలేదు. ఆ నీటిని చేర్చి, పదవ వంతు డిగ్రీ గడులున్న సముద్ర నమూనాతో లీ తదితరులు 2023లో చేసిన అధ్యయనం, ఉద్గారాలు అధికంగా కొనసాగితే అడుగునీటి ప్రసరణ 2050 నాటికి 40 శాతానికి పైగా మందగించగలదని తేల్చింది.

4. ఉత్తర ధ్రువప్రాంతం

గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌ల మధ్య డెన్మార్క్ జలసంధి అడుగున ఒక గట్టు ఉంది. ఉపరితలం నుంచి దాని లోతు సుమారు 630 మీటర్లు. ఉత్తరాన నార్డిక్ సముద్రాలలో నిండిన శీతల జలం, నిండిన చెరువు మరవ మీదుగా దూకినట్లు, ఈ గట్టు దాటి అట్లాంటిక్ లోతులలోకి దిగుతుంది. పెద్ద గడుల నమూనాలో సముద్రపు వాలు మెట్లుగా మారిపోతుంది. మెట్టు మెట్టుకూ నీరు పక్కనున్న తేలిక నీటితో అధికంగా కలిసి, చేరవలసిన లోతుకు చేరకుండానే నిలిచిపోతుంది.

అట్లాంటిక్ ఊర్ధ్వాధర ప్రసరణ విషయంలోనూ ఇటువంటి స్థితే. 2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ‘ర్యాపిడ్’ పరికరాల వరుస దీనిని కొలుస్తున్నది. సగటు సుమారు 17 స్వెర్‌డ్రప్‌లు. చాలా నమూనాలు ఈ విలువకు చుట్టుపక్కలే ఉన్నాయి. అయితే ఈ ప్రసరణలో మునిగే నీరు ప్రధానంగా లాబ్రడార్ సముద్రంలో తయారవుతుందన్న భావన చాలా నమూనాలలో పాతుకొని ఉండేది. 2014లో మొదలైన ‘ఓస్నాప్’ కొలతల ఆధారంగా లోజియర్ తదితరులు 2019లో, కొలిచిన కాలంలో ఆ మార్పులో అధికభాగం గ్రీన్‌లాండ్‌కు తూర్పున జరుగుతున్నదని చూపారు. మొత్తం కుదిరినా అది తయారయ్యే చోటు కుదరలేదు.

ఆర్కిటిక్‌లో ఉపరితలపు చల్లని తేలిక నీటి కింద అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీటిపొర ఉంటుంది. నమూనాలు ఈ పొరను సాధారణంగా ఉండవలసిన దానికన్నా లోతుగా, మందంగా చూపుతాయి. అయిదవ దశ నుంచి ఆరవ దశకు ఈ దోషం పెద్దగా తగ్గలేదు. ఆ పొరలోని ఉష్ణం పైకి చేరి మంచును ఎప్పుడు, ఎంత కరిగిస్తుందన్న అంచనా దీనిపైనే ఆధారపడుతుంది.

5. ధ్రువసముద్రం నుంచి రుతుపవనం దాకా

ధ్రువసముద్ర ప్రసరణలోని మార్పు రుతుపవనాలను చేరే మార్గం ఉష్ణ పంపిణీ. అట్లాంటిక్ ప్రసరణ ఉత్తరార్ధగోళానికి ఉష్ణాన్ని చేరవేస్తుంది. అది బలహీనపడితే ఉత్తరార్ధగోళం సాపేక్షంగా చల్లబడి, అయనరేఖల మధ్యనున్న వర్షమండలం దక్షిణానికి జరిగే ధోరణి ఏర్పడుతుంది. దీనికి గతకాలపు సాక్ష్యముంది. ఒమాన్ తీరంలోని సముద్ర అవక్షేపాలను పరిశీలించిన గుప్తా, ఆండర్సన్, ఓవర్‌పెక్‌లు గత పదివేల ఏళ్ళలో ఉత్తర అట్లాంటిక్ చల్లబడిన దశలలో నైరుతి రుతుపవనం బలహీనపడిందని 2003లో నిరూపించారు. అట్లాంటిక్ ప్రసరణ 21వ శతాబ్దంలో తగ్గే అవకాశం చాలా ఎక్కువనీ, 2100 లోపు హఠాత్తుగా కూలిపోదని చెప్పడానికి మధ్యస్థమైన విశ్వాసమే ఉందనీ ఐ.పి.సి.సి. ఆరవ నివేదిక పేర్కొంది. కూలిపోతే ఆసియా రుతుపవనాలు బలహీనపడతాయని కూడా హెచ్చరించింది.

అయితే ఈ సంబంధాన్ని సూటి గొలుసుగా భావించరాదు. దక్షిణ మహాసముద్రంపై మేఘాలను నమూనాలు సరిగా చూపకపోవడమే ఉష్ణమండల వర్షమండలం స్థానభ్రంశానికి కారణమని హ్వాంగ్, ఫ్రియర్సన్‌లు 2013లో ప్రతిపాదించారు. తర్వాత కే తదితరులు 2016లోనూ, హాక్రాఫ్ట్ తదితరులు 2017లోనూ ఆ దోషాన్ని సవరించి, సముద్రంతో జోడించిన నమూనాలను నడిపి చూశారు. సవరించిన ఉష్ణంలో అధికభాగాన్ని సముద్రమే మోసుకుపోవడంతో వర్షమండలం పెద్దగా కదలలేదు. ధ్రువదోషాన్ని దిద్దితే ఉష్ణమండల వర్షం దానంతటదే దిద్దుకుంటుందన్న ఆశ నిలవలేదు.

6. మూడు పట్టణాల వర్షపాతం: అదే పరీక్ష

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలో భాగం. ఉమ్మడి జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో నైరుతి రుతుపవనం ద్వారా సుమారు 338, ఈశాన్య రుతుపవనం ద్వారా సుమారు 156 మిల్లీమీటర్లు లభిస్తాయి. నైరుతి గాలులు పడమటి కనుమలకు తమ తేమను అప్పగించి వచ్చేసరికి ఇది వర్షచ్ఛాయా ప్రాంతంగా మిగులుతుంది. 200 కిలోమీటర్ల గడిలో కనుమల ఎత్తు తగ్గి, వెడల్పు పెరిగి చదునైన దిబ్బలా మారతాయి. కనుమలకు పడమటి వైపు కుండపోత, తూర్పు వైపు పొడి అన్న తీక్ష్ణమైన తేడా నమూనాలో పలచబడుతుంది.

మొత్తం కుదిరినా మరో సమస్య మిగులుతుంది. నమూనాలు వాస్తవం కన్నా సుమారు రెట్టింపు తరచుగా, కాని చాలా తేలికగా వానను కురిపిస్తాయని స్టీఫెన్స్ తదితరులు 2010లో చూపారు. రోజూ కురిసే తుంపర, నెలకు రెండుసార్లు కురిసే పెద్దవాన కాగితం మీద ఒకే మొత్తమివ్వవచ్చు. పొలంలో అవి ఒకటి కావు. వేరుశనగకు ఊడలు దిగే దశలోనూ, కాయ ఊరే దశలోనూ వచ్చే వర్షవిరామం దిగుబడిని నిర్ణయిస్తుంది. చెరువులోకి నీరు చేరడానికి వాగు పారేంత వాన కావాలి. వార్షిక సగటు సరిపోయిన నమూనా ఈ రెండు విషయాలలోనూ తప్పు చెప్పవచ్చు. అంటార్కిటిక్ అడుగునీటి విషయంలో కనిపించిన దోషమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

స్థానిక పరిశోధనలలో నేడు పావు డిగ్రీ గడులకు కుదించిన అంచనాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. ఆ గడులలో మూడు పట్టణాలూ వేరువేరు గడులలో పడతాయి. మూడింటికీ మూడు వేరు విలువలు లభిస్తాయి. ఆ తేడా నమూనా కనుగొన్నది కాదు. గణాంక పద్ధతిలో కుదించి, దోషసవరణ చేసేటప్పుడు పూర్వపు కొలతల నుంచి చేరినది. గతంలో పెనుకొండకూ ధర్మవరానికీ ఉన్న వ్యత్యాసమే భవిష్యత్తుకు అతికించబడుతుంది. ఆ వ్యత్యాసం మారుతుందా అన్న ప్రశ్నకు అందులో సమాధానం ఉండదు. దోషసవరణ సగటును దిద్దగలదు, నమూనాలో లేని ప్రక్రియను సృష్టించలేదు.

7. పరిశీలనల పాత్ర

ప్రక్రియను పరీక్షించాలంటే ప్రక్రియ జరిగే చోట కొలతలు కావాలి. పదిరోజులకొకసారి ఉపరితలానికి వచ్చి సమాచారం పంపే ఆర్గో తేలియాడు పరికరాలు సాధారణంగా 2000 మీటర్ల లోతు వరకే పనిచేస్తాయి. మంచు కప్పిన సముద్రంలో వాటికి ఉపరితలం అందదు. ఈ లోటును కొంతవరకు ఏనుగు సీల్‌ల తలలకు అమర్చిన పరికరాలు పూడుస్తున్నాయి. హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) భారతదేశపు ఆర్గో సమాచార కేంద్రంగా పనిచేస్తున్నది. గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం అంటార్కిటికాలో మైత్రి, భారతి కేంద్రాలను నిర్వహిస్తున్నది. 2012లో ప్రారంభమైన భారతి కేంద్రం ప్రిడ్జ్ అఖాతపు ఒడ్డున ఉంది. అడుగునీరు పుట్టే డార్న్‌లీ అగ్రం ఆ అఖాతానికి పడమటి దిక్కునే ఉంది. ఆర్కిటిక్‌లో 2014 జూలైలో కాంగ్స్‌ఫియోర్డెన్‌లో సుమారు 192 మీటర్ల లోతున ‘ఇండార్క్’ పరికరాన్ని అమర్చారు. ధ్రువసముద్రాలపై తెలుగు విశ్వవిద్యాలయాల పరిశోధకులు పనిచేయడానికి కావలసిన సమాచారం దూరదేశాలలోనే ఉందన్న భావన నేడు సరికాదు.

8. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ధ్రువసముద్ర ప్రసరణ ఉనికినీ, దిశనూ, స్థూలపరిమాణాన్నీ నమూనాలు చూపగలుగుతున్నాయి. అడుగునీరు పుట్టే విధానం, గట్లు దాటే ప్రవాహాలు, సుడులు, కరుగునీటి ప్రభావం విషయాలలో అవి ఇంకా బలహీనంగా ఉన్నాయి.

2. కొలతకు దగ్గరగా ఉన్న విలువ ఒక్కటే నమూనా విశ్వసనీయతకు ప్రమాణం కాదు. ఆ విలువ ఏ ప్రక్రియ ద్వారా వచ్చిందో పరీక్షించినప్పుడే భవిష్యత్ అంచనాకు ఆధారం ఏర్పడుతుంది.

3. ధ్రువసముద్రానికీ రుతుపవనానికీ సంబంధం ఉన్నదని గతకాలపు సాక్ష్యాలు చెబుతున్నాయి. దానిని ఒక జిల్లా వర్షపాతానికి నేరుగా అన్వయించడానికి ప్రస్తుత నమూనాలు అనుమతించవు.

4. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి ప్రాంతాలపై పరిశోధించేవారు నమూనాలను వార్షిక సగటుతో మాత్రమే ఎంపిక చేయరాదు. వానరోజుల సంఖ్య, వర్షవిరామాల నిడివి, కనుమలకు ఇరువైపులా ఉన్న తేడా అనే మూడింటినీ గతకాలపు కొలతలతో పోల్చి చూడాలి. కుదించిన సమాచారంలోని స్థానిక వివరం నమూనా నుంచి వచ్చిందో, సవరణ నుంచి వచ్చిందో సిద్ధాంతగ్రంథంలో స్పష్టంగా పేర్కొనాలి.

5. ఉష్ణోగ్రత పెరుగుదల వంటి స్థూల అంశాలపై నమూనాలన్నీ ఏకీభవిస్తున్నాయి గనుక పై పరిమితులు నమూనాలను తిరస్కరించడానికి కారణం కావు. ఏ ప్రశ్నకు వాటిని అడగవచ్చో, ఏ ప్రశ్నకు అడగరాదో గుర్తించడానికి అవి ఉపకరిస్తాయి. చెరువుల పునరుద్ధరణ, పంటల ఎంపిక వంటి నిర్ణయాలు ఒకే అంచనా మీద కాక, భిన్న నమూనాలు చూపే అన్ని అవకాశాలకూ తట్టుకొనేలా ఉండటం వర్షచ్ఛాయా ప్రాంతానికి శ్రేయస్కరం.